నాన్న కుడి చెవి పోగు

"ఆదివారం బ్రూనో భోజనానికొస్తున్నాడు. మీ నాన్న పోగు వాడికిచ్చేద్దామనుకుంటున్నా," అన్నాడు లివియో.

అప్పుడు నేను సింకు దగ్గర నిలబడి చేపలు బాగుచేస్తున్నాను. సగం అయ్యాయి, సగం మిగిలున్నాయి. తల తుంచి, బొటనవేలితో పొట్ట చీల్చి, ముల్లు లాగేసి పళ్ళెంలో పడేస్తున్నాను. హోటల్లో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి, ఇంట్లో ఇంకో గంట నిలబడటం. లివియో నా భర్త. బల్ల దగ్గర కూర్చుని పేపరు చూస్తూ, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినంత తేలిగ్గా ఆ మాట అనేశాడు. బ్రూనో అంటే లివియో వాళ్ళక్క కొడుకు. ఇరవయ్యేళ్ళు దాటాయి, ఈమధ్యే చెవి కుట్టించుకున్నాడట.

"వాడికెందుకు?" అన్నాను.

"ఒక్కగానొక్క కొడుకు కదా, పద్ధతి ప్రకారం వాడికే చెందాలి. మనకా పిల్లల్లేరు. ఊరికే పెట్టెలో పడుండి ఏం లాభం? నీకేమన్నా అభ్యంతరమా?"

అభ్యంతరమా అని అడిగాడే గాని జవాబు కోసం తల కూడా ఎత్తలేదు. పేజీ తిప్పి ఫుట్‌బాల్ వార్తల్లో పడ్డాడు. నేను చేపల వైపు తిరిగాను. కాని నా గుండె మాత్రం దడదడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కోపమనుకున్నాను మొదట. కోపమొస్తే నాకు చేతులు చల్లబడతాయి. ఇప్పుడు వేడిగా ఉన్నాయి. ఆ పోగు నాకు కావాలి! ఇంత వయసొచ్చాక, చేపల కంపు కొట్టే చేతులతో, నాకు కావాలి అనే మాట నా లోపలి నుంచి ఇంత గట్టిగా వినబడితే నాకే ఆశ్చర్యమేసింది.

మా తీరంలో ఒక అలవాటుంది. ఇంట్లో ఒక్కడే మగపిల్లాడైతే కుడి చెవి కుట్టించి ఒంటి పోగు పెడతారు. సముద్రం కన్ను వాడి మీద పడకూడదని. ఇప్పుడు పాతకాలం వాళ్ళు తప్ప ఎవరూ పట్టించుకోరనుకోండి. మా ముత్తాత ఒక్కడే, తాత ఒక్కడే, నాన్నా ఒక్కడే. అదే బంగారు పోగు ఆ ముగ్గురి చెవులకీ వేలాడింది. నాన్న రియెకా రేవులో పెద్ద ఓడల్ని ఒడ్డుకు లాగే పడవ నడిపేవాడు. ఆయన తరవాత నేను పుట్టాను. నేనొక్కదాన్నే. "అయ్యో, ఇంక ఆ పోగు ఎవరికి?" అని ఊరంతా మా అమ్మని పరామర్శించారట, నేను పుట్టినరోజునే.

నా పెళ్ళిలో నాన్న అందరి ముందూ ఆ పోగు లివియో చేతిలో పెట్టాడు. లివియో ముచ్చటపడి చెవి కుట్టించుకుని తొమ్మిది రోజులు పెట్టుకున్నాడు. పదో రోజు తను పనిచేసే బీమా ఆఫీసులో పెద్దాయన అతని చెవి వైపు చూశాడట. ఏమీ అనలేదు, చూశాడంతే. ఆ సాయంత్రమే పోగు తీసి టై పిన్నుల పెట్టెలో పడేశాడు. "మంచి పని చేశాడు, సర్కసు వాడిలా ఉన్నాడు," అంది మా అత్తగారు. ఆ తరవాత ఇరవై రెండేళ్ళు ప్రతి పండక్కీ నాన్న మా ఇంటికి భోజనానికొచ్చి అల్లుడి బోసి చెవికి ఎదురుగా కూర్చున్నాడు. ఒక్క మాటా అనలేదు. పోయిన శరదృతువులో చనిపోయాడు. అప్పటినుంచీ లివియో మీద నాలో ఒక కోపం రగులుతూనే ఉంది. మనిషి పైకి మంచివాడే. తాగడు, తిట్టడు. కాని తను ఏది వదిలేసినా తీసి తుడిచి లోపల పెట్టేది నేనే. అలాంటిది, ఆ పోగొక్కటి మాత్రం నన్ను తాకనివ్వకుండా తన పెట్టెలో ఉంచుకున్నాడు.

మర్నాడు హోటల్‌కి వెళ్ళేసరికి అక్కడా పోగు గొడవే. ఈ ఏడాది మా వైపు మగాళ్ళ చెవులకు పండగొచ్చినట్టుంది. ఒపాతియాలో మా హోటలు చలికాలమంతా మూసి, ఈస్టరుకు ముందు తెరుస్తారు. ఆ ఏర్పాట్ల కోసం మేమంతా ముందే పనిలోకి దిగుతాం. రిసెప్షన్‌లో నా పక్కన పనిచేసే సాంద్రో చలికాలం సెలవుల్లో చెవి కుట్టించుకుని, కుడి చెవికి మెరిసే పోగుతో దిగాడు. రాజధాని జాగ్రెబ్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు బెదెకోవిచ్ అది తీసెయ్యమన్నాడు.

"చూడక్కా!" అన్నాడు సాంద్రో నన్ను చూడగానే, మొహం ఎర్రగా చేసుకుని. "నా చెవి, నా ఇష్టం! నా ఒంటి మీద నాకు హక్కు లేదా? పొద్దున్నే లేచి అద్దంలో చూసుకుంటే నేను నాలా కనపడాలా వద్దా?"

అప్పటికే వంటవాళ్ళు, సామాను మోసేవాళ్ళు, యూనియన్ ఆయన అందరూ చుట్టూ చేరారు. పెద్ద వంటాయన అయితే గరిటె పట్టుకునే వచ్చేశాడు. "మన చెవుల జోలికొస్తే ఊరుకునేది లేదు! ఇవాళ పోగన్నాడు, రేపు మీసమంటాడు!" అని కేకలు. నేను ఒక పక్కన నిలబడి నా కాళ్ళ వైపు చూసుకున్నాను. నాలుగు సెంటీమీటర్ల హీల్స్. అంతకు తగ్గకూడదు, ఆరుకు మించకూడదు. రూల్సులో అలాగే ఉంది.

ఆ రూల్సు నాకు కంఠతా వచ్చు. రాకేం, టైపు చేసిందీ, ఏటేటా దిద్దిందీ నేనేగా! మగవాళ్ళకి నాలుగు లైన్లు. గడ్డం నున్నగా, జుట్టు పొట్టిగా, టై నేరుగా, నగలు వద్దు. ఆడవాళ్ళకి రెండున్నర పేజీలు. లిప్‌స్టిక్ ఏ రంగో, గోళ్ళు ఎంత పొడుగో, మేజోళ్ళు ఎంత పల్చనో. చెవులకు తప్పకుండా దుద్దులు, అవీ జతగా, తెల్ల ముత్యాలవి, బఠాణీ గింజకు మించకూడదు. ఇరవై మూడేళ్ళు నేను ఆ రెండున్నర పేజీల్లోనే బతికాను. కిందటేడు నాతో పనిచేసే దోరిస్ కాలి వేలికి ఆపరేషనై, చదును జోళ్ళు వేసుకొచ్చింది. వారం రోజులు దాన్ని వెనక గదిలో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు, అతిథుల కంట పడకూడదని. అప్పుడు ఏ వంటాయనా గరిటె పట్టుకుని రాలేదు. అంతెందుకు, నేనూ రాలేదు. "ఓపిక పట్టవే, వారమేగా," అన్నాను. ఆ మాట గుర్తొచ్చి ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

"అక్కా, నువ్వయితే బాగా రాస్తావు. అందరం సంతకాలు పెడతాం, ఒక అర్జీ రాసిపెట్టవా?" అన్నాడు సాంద్రో.

అదీ సంగతి. నాకు తెలుసు, చివరికది నా బల్ల మీదికే వస్తుందని. "ఏమని రాయను?"

"మన పాత ఆచారమని రాయి. ఒక్కగానొక్క కొడుకు, కుడి చెవి, సముద్రం... నీకు తెలుసు కదా."

"నీకు అన్నదమ్ములెవరూ లేరా?"

సాంద్రో మెల్లగా నవ్వాడు. "ఇద్దరున్నారనుకో. ఒకడు జర్మనీలో, ఇంకోడు ఇంట్లో."

"మరి ఆచారమేంట్రా?"

"రాయక్కా! మా ముగ్గురినీ ఎవడు లెక్కపెడతాడు? పోగు పెట్టుకుంటే బావుంటానని ఒకమ్మాయి అంది, కుట్టించుకున్నా. ఆ ముక్క అర్జీలో రాయలేం కదా!"

పగలబడి నవ్వాను. వాడి మీద నాకు కోపం రాలేదు. నిజానికి వాడు బాగున్నాడు కూడా. తన మొహం తనకు నచ్చాలని ఒక మగాడు ఇంత బాహాటంగా కోరుకుంటుంటే చూడటం నాకు కొత్త. నాకా ధైర్యం ఎప్పుడూ లేదు. నా మొహం వాళ్ళకి నచ్చితే చాలనుకుంటూ వచ్చాను.

కంప్యూటర్ ముందు కూర్చుని అర్జీ రాయడం మొదలుపెట్టాను. అది సాంద్రో కోసం రాస్తున్నట్టే లేదు! 'మనిషి చెవి అతని సొంతం' అని రాస్తే నా చెవులు వేడెక్కాయి. 'ఎనిమిది గంటలు పనిచేసే మనిషి తనలా ఉండి పనిచేస్తే పని పాడవదు' అని రాస్తే మడమలు సలుపు మానేసినట్టనిపించింది. ఒక్కొక్క వాక్యం రాస్తున్నకొద్దీ లోపల్నించి ఏదో తోసుకొస్తోంది. ఇదంతా నాకు తెలుసన్న మాట! ఇన్నేళ్ళూ ఇన్ని మాటలు నా దగ్గరే పెట్టుకుని ఎవరి కోసం దాచాను? అరగంటలో అయిపోయింది. వంటాయన చదివి కళ్ళు తుడుచుకున్నాడు, ఉల్లిపాయలవల్లో మరి నా రాతవల్లో.

రెండు రోజుల తరవాత బెదెకోవిచ్ నన్ను గదిలోకి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది. "నెవియా గారూ, మీ అర్జీ ఓనర్లకి తెగ నచ్చేసిందండీ! వియన్నా వాళ్ళకి ఇలాంటి పాతకాలపు ముచ్చట్లంటే ప్రాణమట. రూల్సులో పెట్టేద్దాం. శుక్రవారానికి మీరే ఓ కాగితం తయారు చేసెయ్యండి. నేను సంతకం గీకేస్తా. మధ్యాహ్నానికల్లా వాళ్ళకి పంపాలి, శనివారం హోటలు తెరుస్తున్నాం కదా."

నా కాలంలో ఈయన ఆరో మేనేజరు. ఆరుగురూ నేను పెట్టిన కాగితం చదవకుండానే సంతకం పెట్టారు. ఆ ఆరుగురిలో ఇద్దరికి గదుల లెక్క, తాళాల వరస నేర్పింది కూడా నేనే.

గురువారమంతా రాశాను. బయట కొండ మీది నుంచి చలిగాలి కిటికీలు ఊడిపోయేలా కొడుతోంది, లోపల నాకు చెమటలు పడుతున్నాయి. రెండున్నర పేజీలూ కొట్టేశాను. తెరమీద ఆ అక్షరాలు చెరిగిపోతుంటే కేక పెట్టాలనిపించింది! వాటి స్థానంలో ఒకే పేజీ రాశాను. ఆడా మగా అందరికీ అదే. బట్టలు శుభ్రంగా ఉండాలి. పేరు కనపడాలి. జోళ్ళు ఎనిమిది గంటలు నిలబడటానికి వీలుగా ఉండాలి. చెవికి పోగు పెట్టుకోవచ్చు, మానుకోవచ్చు, ఒకటైనా రెండైనా, ఏ చెవికైనా.

శుక్రవారం పొద్దున్న ఆయన బల్ల మీద పెట్టాను. బెదెకోవిచ్ పెన్ను మూత తీసి, "ఎక్కడ?" అన్నాడు.

"కింద. కాని ముందు చదవండి సార్."

"మీరు రాశాక నేను చదివేదేముందండీ?"

"ఈసారి చదవండి."

నోరు మూసుకుని ఉంటే సంతకం పడిపోయేది. దోరిస్ అయితే తరవాత నన్ను తిట్టింది కూడా, "నీకేమన్నా పిచ్చా, నీ నోటితో నువ్వే చదవమంటావా!" అని. కాని దొంగచాటుగా తెచ్చుకున్నది రేపు ఎవడో వెనక్కి లాక్కుంటే నేనేం అనగలను? అందుకే ఆయన ఎదురుగానే నిలబడ్డాను. చదివాడు. కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాడు.

"ఆడవాళ్ళ పేజీలు ఏవండీ? ప్రింటు కాలేదా?"

"తీసేశాను."

"మరి హీల్సు?"

"సాంద్రో కాళ్ళూ నా కాళ్ళూ ఒకే నేల మీద నిలబడతాయి కదా సార్. వాడికి ఏ జోళ్ళు సరిపోతే నాకూ అవే."

"లిప్‌స్టిక్?"

"ఇష్టమున్నవాళ్ళు వేసుకోవచ్చు. సాంద్రో కూడా."

నవ్వొచ్చింది ఆయనకి, వెంటనే ఆపుకున్నాడు. "లేదండీ, ఇది కుదరదు. నేను మగవాళ్ళ పోగు సంగతొక్కటే రాయమన్నాను."

"అయితే అది మీరు రాయండి సార్."

"నేనా?"

ఆ 'నేనా' అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను! అంత నిజమైన భయం ఆ మనిషి గొంతులో అంతకు ముందెప్పుడూ వినలేదు.

"నా ఉద్యోగం కాగితంలో రిసెప్షన్ అని మాత్రమే ఉంది," అన్నాను. కాగితం ఆయన వైపు ఇంకాస్త జరిపాను. "రూల్సు రాయడం, ఫిర్యాదులకు జవాబులు రాయడం, వెళ్ళిపోయే మేనేజర్లకు వీడ్కోలు ఉపన్యాసాలు రాయడం, ఇవేవీ అందులో లేవు. ఇరవై మూడేళ్ళుగా ఊరికే చేశాను. రాసింది ఇలాగే ఉంటే ఉంచండి. లేదంటే మధ్యాహ్నంలోగా మీరు రాసుకోండి. యూనియన్ ఆయన కింద కాఫీ తాగుతున్నాడు, కావలిస్తే సాయం పంపిస్తాను."

ఆయన గడియారం చూశాడు. కిటికీలోంచి సముద్రం చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. "మీరెప్పుడూ ఇలా మాట్లాడలేదే," అన్నాడు.

"మీరెప్పుడూ చదవలేదు కదా."

సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని మెట్లు దిగుతుంటే హీల్స్ తీసి చేత్తో పట్టుకున్నాను. చల్లటి పాలరాయి మీద ఒట్టి కాళ్ళతో దిగుతుంటే సాంద్రో నోరు తెరిచి చూశాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నేరుగా అలమారా తెరిచాను. టై పిన్నుల పెట్టెలో, ఊడిపోయిన ఒక చొక్కా గుండీ పక్కన ఉంది నాన్న పోగు. స్నానాల గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుని, ముత్యాల దుద్దులు రెండూ తీసేశాను. పోగు లావుగా ఉంది, నా చెవి కన్నం సన్నం. ఆలివ్ నూనె రాసి నెట్టాను. నొప్పి. మళ్ళీ నెట్టాను. చుక్క రక్తం వచ్చింది, పోగు ఎక్కింది. అద్దంలో చూసుకుంటే మా నాన్న దవడ, మా నాన్న పోగు, వాటి మధ్య నేను. నవ్వాగలేదు. బయట్నించి లివియో, "ఏంటా నవ్వు?" అన్నాడు. "ఏం లేదు," అన్నాను.

మర్నాడు హోటలు తెరిచారు. సాంద్రో నన్ను చూసి, "అక్కా, ఒక దుద్దు ఎక్కడో పడిపోయింది, చూసుకో!" అని బల్ల కింద వెతకబోయాడు. పడిపోలేదు, ఒకటే పెట్టుకున్నానంటే వాడు నా కుడి చెవి వైపు, తర్వాత నా మొహం వైపు చూసి, నెమ్మదిగా తన పోగు ముట్టుకున్నాడు. దోరిస్ చూసింది. వంటాయన చూశాడు. వియన్నా నుంచి వచ్చిన ఒక ముసలావిడ చూసి, బాగుందంది. లివియో మాత్రం చూడలేదు. శుక్రవారం రాత్రి భోజనం నా ఎదురుగానే కూర్చుని తిన్నాడు, శనివారం రెండు పూటలూ తిన్నాడు, ఆదివారం పొద్దున్న కాఫీ తాగాడు. నా జుట్టు ఎత్తి కట్టుకునే ఉంది. చూడలేదు.

ఆదివారం బ్రూనో వచ్చాడు, మా అత్తగారిని వెంటబెట్టుకుని. సూప్ అయింది, వేపుడు మాంసమూ ఆకుకూర బంగాళాదుంపలూ అయ్యాయి. లివియో లేచి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "బ్రూనో, ఇది మీ అత్తయ్య వాళ్ళింట్లో తరతరాలుగా వస్తున్నది. ఒక్కగానొక్క మగబిడ్డకి..." అంటూ మూత తీశాడు. పిన్నులూ గుండీ ఉన్నాయి.

"నెవియా, పోగేది?"

ముందు చూసింది మా అత్తగారే. "ఓరి నీ కళ్ళు మండ! నీ పెళ్ళాం చెవికే ఉంది కదరా!"

లివియో నన్ను చూశాడు. ఎన్నాళ్ళకో అలా నిదానంగా చూశాడు. "ఎప్పట్నుంచి?"

"శుక్రవారం నుంచి."

బ్రూనో పక్కున నవ్వి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. "నీకు బాగుందత్తయ్యా. నాకేం వద్దులే మావయ్యా, నేను ఇంకోటి కొనుక్కుంటా," అన్నాడు.

"నువ్వుండరా," అంది మా అత్తగారు. "ఒంటి పోగు మగాడిదే తల్లీ. ఆడది జత పెట్టుకుంటుంది. నలుగురూ ఏమనుకుంటారు? పైగా అది వాడికిచ్చిన సొమ్ము."

"అది చెప్పమ్మా!" అన్నాడు లివియో. అతని మొహం కందిపోయింది. "మీ నాన్న అందరి ముందూ నా చేతిలో పెట్టాడు నెవియా. నీకివ్వాలనుంటే నీకే ఇచ్చేవాడు కదా!"

గరిటె కింద పెట్టాను. మళ్ళీ గుండె దడదడలాడింది. ఈసారి అది కోపం కాదని నాకు తెలుసు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా.

"ముందు నాకే ఇచ్చాడు," అన్నాను. "మన పెళ్ళి ముందురోజు అద్దం ముందు నిలబెట్టి, తన చెవి నుంచి తీసి నా చెవి దగ్గర పెట్టి చూశాడు. 'నాకున్నది నువ్వొక్కదానివే కదే' అన్నాడు. అప్పటికి నాకు హోటల్లో ఉద్యోగం కొత్త. ముత్యాల జతే పెట్టుకోవాలి నాన్నా, ఇది ఒప్పుకోరు, నలుగురూ నవ్వుతారు అన్నాను. 'సరేలే' అని మర్నాడు నీకిచ్చాడు. ఇన్నేళ్ళూ నువ్వు తీసి పెట్టెలో పడేశావని నీ మీద కోపం పెట్టుకున్నాను, లివియో. వద్దన్నది నువ్వు కాదు, నేను. ఇప్పుడు కావాలంటున్నాను."